టస్కనీలో ఎనిమిది రాత్రులు: తేదీ పెట్టుకోవడం నుంచి తిరుగు ప్రయాణం దాకా

మెలికలు తిరిగే మట్టిదారి, దానికి రెండువైపులా సర్వి చెట్లలా నిటారుగా నిలబడ్డ సైప్రస్‌లు, అలలు అలలుగా లేచిన పచ్చటి గుట్టలు, ఒక గుట్ట మీద ఒంటరిగా రాతి ఇల్లు. ఇటలీలోని టస్కనీ ప్రాంతం అనగానే అందరి కళ్ల ముందూ మెదిలే బొమ్మ ఇదే. ఆ బొమ్మ చూసి టికెట్లు కొనుక్కుని, ఆగస్టులో దిగి, గుట్టలన్నీ దున్నిన మట్టి రంగులో కనబడేసరికి ఉసూరుమన్నవాళ్లు నాకు తెలుసు. బొమ్మలో తప్పేమీ లేదు. ఆ పచ్చదనం గోధుమ చేలది. కోతలయ్యాక అది ఉండదు.

అందుకే ఈ ప్రయాణాన్ని ఒక రైతులా ప్లాన్ చేయమంటాను. ముందు పంట కాలం చూసుకోండి, తర్వాత తేదీ, ఆ తర్వాతే టికెట్లు. మేం నలుగురం, నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ, మే నెలాఖరులో వెళ్లొచ్చాం. ఫ్లోరెన్స్‌లో మూడు రాత్రులు, పల్లెలో ఐదు రాత్రులు ఉన్నాం. ఏ పని ముందు చేయాలో, దేనికి టెన్షన్ పడక్కర్లేదో ఆ వరుసలోనే చెబుతాను.

1. ముందు చూడాల్సిన ప్రాంతాన్ని కుదించుకోండి

టస్కనీ విస్తీర్ణం దాదాపు 23,000 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లా కంటే పెద్దది. మన ప్యాకేజీ టూర్లలో రోమ్‌కీ వెనిస్‌కీ మధ్య ఫ్లోరెన్స్‌కి ఒక పూట, పీసా గోపురానికి ఒక గంట ఇస్తారు. అంతటితో టస్కనీ అయిపోయిందంటారు. ఆ లెక్కన అసలు పల్లెసీమ కంటికి కూడా కనబడదు.

ఎనిమిది, తొమ్మిది రోజులు చేతిలో ఉంటే రెండు చోట్లే ఉండండి. ఒకటి ఫ్లోరెన్స్. రెండోది సియెనాకి దక్షిణాన ఉన్న వాల్ దోర్చా, అంటే ఓర్చా నది లోయ. మొదట చెప్పిన బొమ్మలు చాలావరకు ఈ లోయలో తీసినవే. పియెంజా, మొంతాల్చీనో, సాన్ కిరికో లాంటి చిన్న ఊళ్లన్నీ ఇక్కడే. సియెనాకి ఇక్కడి నుంచి గంట ప్రయాణం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

పీసా చూడాలని పిల్లలు పట్టుబడితే ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంట. పొద్దున పీసా, మధ్యాహ్నం నుంచి లుక్కా పెట్టుకోండి. లుక్కా చుట్టూ నాలుగు కిలోమీటర్ల పొడవున పాత కోటగోడ చెక్కుచెదరకుండా ఉంది. గోడ మీద చెట్ల నీడలో సైకిల్ తొక్కవచ్చు. ఊరంతా చదును నేల కాబట్టి పెద్దవాళ్లకు సుఖం. నన్నడిగితే పీసా కంటే లుక్కాకే ఎక్కువ సమయం ఇస్తాను.

2. పంటను బట్టి తేదీ

ఇక్కడ తొందరపడకండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

మార్చి నడిమి నుంచి మే దాకా గోధుమ పైరు పచ్చగా ఉంటుంది. మేలో చేల గట్ల మీద, రోడ్ల పక్కన ఎర్రటి పాపీ పూలు విరగబూస్తాయి. జూన్ వచ్చేసరికి చేలు బంగారు రంగుకి తిరుగుతాయి. నెలాఖరు, జూలై మొదట్లో కోతలు. కోసిన చేలలో గుండ్రటి గడ్డి చుట్టలు మిగులుతాయి, కొన్ని చోట్ల పొద్దుతిరుగుడు పూస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్లలో దుక్కులు. సియెనాకి ఆగ్నేయంగా ఉన్న క్రేతె సెనేసి బంకమట్టి గుట్టలు అప్పుడు బూడిద రంగులో చంద్రుడి నేలలా కనిపిస్తాయి. దానికీ ఒక అందం ఉంది, కానీ పచ్చదనం ఆశించి వెళితే నిరాశే. సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో ద్రాక్ష కోతలు. అక్టోబరు చివర, నవంబర్లలో ఆలివ్ కాయలు దులుపుతారు, కొత్త నూనె వస్తుంది.

మనకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. అక్కడ గుట్టలు అందంగా ఉండే కాలమూ అదే. మే రెండో వారం నుంచి నెలాఖరు లోపు వెళ్లగలిగితే ఇంకేమీ ఆలోచించకండి. అది కుదరకపోతే దసరా సెలవులు. పచ్చటి చేలు ఉండవు గానీ ద్రాక్షతోటలు ఎరుపు, పసుపు రంగులకు తిరుగుతాయి, ఎండ మెత్తబడుతుంది.

జూలై, ఆగస్టుల్లో ఫ్లోరెన్స్‌లో రాతి వీధులు పెనంలా కాగుతాయి. ఆగస్టు 15న వాళ్లకు ఫెర్రగోస్తొ పండగ. దానికి అటూ ఇటూ ఇటలీ అంతా సెలవు మీద ఉంటుంది, చిన్న దుకాణాలు మూసేస్తారు. సియెనా నడిబొడ్డున పాలియో గుర్రప్పందేలు జూలై 2న, ఆగస్టు 16న జరుగుతాయి. వాటి కోసమే వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ రోజుల్లో సియెనా జోలికి పోకపోవడం మంచిది. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 జాతీయ సెలవులు. వాటికి వారాంతం కలిసొస్తే రద్దీ.

మేం దిగిన ఇంటి వెనకే వాళ్ల గోధుమ చేను. మొదటిరోజు పొద్దున్నే అమ్మ గట్టు మీద కూర్చుని, వంగిన వెన్నొకటి అరచేతిలోకి తీసుకుంది. రెండు గింజలు గోటితో నొక్కి చూసింది. తెల్లగా పాలు వచ్చాయి. "పాలు పోసుకుంటోందిరా. ఇంకో నెలకి కోతకొస్తుంది" అంది. గోదావరి డెల్టాలో వరి తప్ప ఇంకో పైరు ఎరగని మనిషి. ఇంటావిడను అడిగితే జూన్ ఆఖరుకి కోస్తామని చెప్పింది.

3. వీసా, విమానం

ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. గడువు కనీసం 15 రోజుల ముందు అని రాసి ఉంటుంది గానీ దాన్ని నమ్ముకోకండి. మే, జూన్ ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. మూడున్నర, నాలుగు నెలల ముందు స్లాట్ పట్టుకుంటే నిశ్చింత. పెద్దలకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు ఉచితం. వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ అదనం.

పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు లెటర్ మామూలే. రోజువారీ ప్రణాళిక ఒక పేజీలో రాసి, అందులోని ప్రతి రాత్రికీ బస బుకింగ్ సరిపోయేలా చూసుకోండి. తేదీల్లో ఒక్క రాత్రి తేడా ఉన్నా ప్రశ్నలొస్తాయి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేయండి.

హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా రోమ్ వెళ్లడం మా లాంటి కుటుంబాలకు తేలిక. ఫ్లోరెన్స్ విమానాశ్రయం చిన్నది, అక్కడిదాకా టికెట్ ధర ఎక్కువ పడుతుంది. రోమ్ ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీ స్టేషన్‌కి ఎక్స్‌ప్రెస్ రైల్లో 32 నిమిషాలు, అక్కడి నుంచి హైస్పీడ్ రైల్లో ఫ్లోరెన్స్‌కి గంటన్నర. హైస్పీడ్ టికెట్లు ముందుగా కొంటే బాగా చవక. కాకపోతే దిగే రోజున గట్టి మార్జిన్ పెట్టుకోండి. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ ముద్రకు బదులు వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి అమల్లోకి రావడం మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు క్యూలో సమయం పడుతుంది. విమానం దిగాక కనీసం మూడు గంటల తర్వాతి రైలే బుక్ చేయండి.

4. పల్లెలో బస: అగ్రితురిజ్మో

అగ్రితురిజ్మో అంటే రైతు ఇంట్లో అతిథిగా దిగడం. హోటల్ కంటే దీని గురించే ఎక్కువ చెప్పాలి. ఈ యాత్రకు ప్రాణం ఇదే.

గుట్టల మీద ఒంటరిగా కనిపించే ఆ రాతి ఇళ్లు జమీందార్ల విలాసానికి కట్టినవి కావు. శతాబ్దాల పాటు టస్కనీలో మెజ్జద్రీయ అనే పద్ధతి నడిచింది. భూమి ఆసామిది, చాకిరీ రైతు కుటుంబానిది, పంటలో చెరి సగం. మన దగ్గర పాలుకి చేయడం లాంటిదే. రైతు కుటుంబం చేను మధ్యలోనే కాపురం ఉండాలి కాబట్టి ప్రతి కమతానికీ ఒక ఇల్లు. 1950, 60ల్లో జనం పట్నాల్లో ఫ్యాక్టరీ పనులకు తరలిపోయారు. 1964లో కొత్తగా ఇలాంటి పాలు ఒప్పందాలు చేసుకోవడాన్ని చట్టం నిషేధించింది. వేల ఇళ్లు పాడుబడ్డాయి. 1985లో రైతులు తమ ఇళ్లలో అతిథులను పెట్టుకోవడానికి వీలు కల్పిస్తూ చట్టం వచ్చాక వాటిల్లో చాలా ఇళ్లకు మళ్లీ దీపం వెలిగింది. చట్టప్రకారం అగ్రితురిజ్మో నడిపేవాళ్లు నిజంగా వ్యవసాయం చేస్తూ ఉండాలి. మనం కట్టే గది అద్దె ఆ చేను దున్నడానికి ఉపయోగపడుతుంది.

వెతికేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, ఎందుకో తిండి దగ్గర చెబుతాను. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు కావాలని ముందే రాయండి, పాత ఇళ్లలో మెట్లు ఎత్తుగా, నిలువుగా ఉంటాయి. మట్టిరోడ్డు మీద ఎంత దూరం వెళ్లాలో మ్యాపులో కొలవండి. మేం మొదట చూసిన ఇల్లు ఫొటోల్లో అద్భుతంగా ఉంది, కానీ నాలుగు కిలోమీటర్లు కంకర దారి. రాత్రి భోజనం చేసి ఆ దారిన రోజూ తిరిగి రావడం నాకు నచ్చక వదిలేశాం. సీజన్లో చాలామంది మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వరు, కొందరు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. ఏసీ అన్ని చోట్లా ఉండదు. మేలో అవసరం లేదు, జూలైలో అయితే అడగాలి.

ఊరి విషయానికొస్తే, పియెంజాకు పది కిలోమీటర్ల లోపు ఉండండి. పియెంజా చిన్నది, చదునైనది. సాయంత్రాలు నడవడానికి అనువుగా ఉంటుంది. మొంతెపుల్చానో అందమైన ఊరే, కానీ ప్రధాన వీధి అంతా ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అక్కడ బస వద్దు.

బస ఎక్కడైనా మనిషికి రాత్రికి ఇంతని పర్యాటక పన్ను విడిగా కట్టాలి, చాలాచోట్ల నగదుగా అడుగుతారు. కొంచెం చిల్లర యూరోలు ఉంచుకోండి.

5. కారు

ఫ్లోరెన్స్‌కి కారు వద్దు. వాల్ దోర్చాకి కారు తప్పదు. సియెనా నుంచి పియెంజా వైపు బస్సులున్నాయి గానీ తక్కువ, ఆదివారాలు మరీ తక్కువ. కారు నడపనివాళ్లు పల్లెలో బస మానేసి సియెనాలో ఉండి, ఒకరోజు డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవడం మేలు. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి రైలు కంటే నేరుగా వెళ్లే బస్సు ఎక్కండి. సియెనా రైల్వే స్టేషన్ గుట్ట కింద ఉంటుంది, బస్సు ఊళ్లోకి దగ్గరగా దింపుతుంది.

కారు తీసుకోవాలంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరే ముందు మీ ఆర్టీఏ ఆఫీసులో తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. అది లేకపోయినా కొన్ని కౌంటర్లలో కారు ఇచ్చేస్తారు. కానీ దారిలో పోలీసు ఆపితే జరిమానా, ప్రమాదం జరిగితే బీమా చిక్కులు. డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డిపాజిట్‌కి లిమిట్ సరిపోవాలి. ఆటోమేటిక్ గేర్ కావాలంటే చాలా ముందుగా బుక్ చేయండి. చిన్న కారే తీసుకోండి, పాత ఊళ్ల సందులు మన కాకినాడ పాతవీధులంత ఇరుకు. మీటరున్నర ఎత్తు లోపు పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి. జెడ్‌టీఎల్ అనే మాట గుర్తుపెట్టుకోండి. పాత ఊళ్ల మధ్యలోకి బయటి బండ్లు రాకూడని హద్దు అది. ఎర్రటి అంచుతో తెల్లటి గుండ్రటి బోర్డు ఉంటుంది, కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. అక్కడ ఎవరూ ఆపరు, ఏ గేటూ ఉండదు. నెలల తర్వాత ఇంటికి చలాను వస్తుంది, దానికి ముందే కారు కంపెనీ తన ఫీజు కార్డు మీద తీసేసుకుంటుంది. బోర్డు మీద "వార్కో అత్తీవో" అని వెలుగుతుంటే కెమెరా పనిచేస్తోందని అర్థం, లోపలికి వెళ్లకూడదు. ఫ్లోరెన్స్, సియెనాల్లోనే కాదు, చిన్న ఊళ్లలోనూ ఇది ఉంటుంది. గూగుల్ మ్యాప్ చూపించిందని దూరిపోకండి. ఊరి బయట పార్కింగ్ పేరు పెట్టి దానికే దారి అడగండి.

అందుకే కారు ఫ్లోరెన్స్ నగరం మధ్యలో తీసుకోకండి. ట్రామ్‌లో విమానాశ్రయానికి వెళ్లి అక్కడ తీసుకుంటే ఆ సందులతో పనే లేదు. అక్కడి నుంచి సియెనా దాకా నాలుగు లైన్ల రోడ్డు, టోల్ లేదు.

బండి చేతికివ్వగానే నాలుగు పక్కలా, చక్రాల రిమ్ములతో సహా, వీడియో తీయండి. మేం తిరిగిచ్చేటప్పుడు రిమ్ము మీద గీత చూపించి డబ్బు కట్టమన్నారు. మొదటిరోజు వీడియోలో అదే గీత కనబడటంతో ఇంకేమీ మాట్లాడలేదు. రెండు నిమిషాల పని, తప్పకుండా చేయండి.

రోడ్డుకు కుడి వైపున నడపడం అరగంటలో అలవాటవుతుంది. గుండ్రటి కూడళ్లలో లోపల తిరిగేవాళ్లకు దారివ్వాలి. పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలం గీతలకు డబ్బులు, పసుపు గీతల్లో పెట్టకూడదు. పెట్రోలును "బెంజీనా" అంటారు, "గజోలియో" అంటే డీజిల్. ఈ రెండూ తారుమారు చేస్తే ఇంజను పాడవుతుంది.

6. ఫ్లోరెన్స్‌కి ముందే బుక్ చేయాల్సినవి

మూడే మూడు. ఉఫీజీ గ్యాలరీ, అకాదెమియా, పెద్ద చర్చి గోపురం. మొదటి రెండిటికీ సోమవారం సెలవు, మీ మూడు రోజుల్లో సోమవారం పడితే గమనించండి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం. ఆ ఉచితం కోసం గంటల క్యూ ఉంటుంది, పిల్లలతో వద్దు.

అకాదెమియాలో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉంది. 1501 నుంచి 1504 దాకా చెక్కాడు. ఎత్తు 5 మీటర్ల పైనే. ఫొటోల్లో ముఖం చూస్తాం గానీ దగ్గరకెళ్లి కుడిచేయి చూడండి. కిందకి వేలాడే చేతి మీద నరాలు ఉబ్బి ఉంటాయి. మా పాప అక్కడే పది నిమిషాలు నిలబడిపోయింది.

చర్చి గోపురం బ్రూనెలెస్కీ కట్టించాడు, 1420లో మొదలై 1436కి పూర్తయింది. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు, దారి ఇరుకు. అమ్మను కింద చర్చిలో కూర్చోబెట్టి మేం ముగ్గురం ఎక్కాం. చర్చి లోపలికి ప్రవేశం ఉచితం, గోపురానికి మాత్రం సమయం రాసిన టికెట్ ఉండాలి, వారాల ముందే అయిపోతుంది. ఏ చర్చికైనా భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. బ్యాగులో ఒక చున్నీ ఉంటే చాలు.

మిగతాదంతా నడకే. సాయంత్రం నది దాటి పియజ్జాలె మైకెలాంజెలో గుట్ట మీదికి వెళ్లండి. బస్సు వెళుతుంది, పెద్దవాళ్లను ఎక్కించాల్సిన పని లేదు. మే నెలాఖరులో రాత్రి ఎనిమిదిన్నర దాటాక గానీ పొద్దు గూకదు.

7. వాల్ దోర్చాలో ఐదు రోజులు

రోజుకి రెండు ఊళ్లకు మించి పెట్టుకోవద్దు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, నడి మధ్యాహ్నం ఇంట్లో విశ్రాంతి. అక్కడి రైతులూ అదే చేస్తారు.

సియెనా నుంచి వచ్చే రోజున తిన్నగా హైవే మీద రాకుండా ఆస్చానో వైపు లౌరెతానా రోడ్డు పట్టండి. క్రేతె సెనేసి గుట్టల నడినెత్తి మీదుగా సాగే దారి అది. అరగంట ఎక్కువ పడుతుంది.

పియెంజా ఊరిని రెండో పయస్ పోప్ తను పుట్టిన పల్లె స్థానంలో కట్టించాడు. 1459లో పని మొదలైంది. ఊరి గోడ వెంట నడిస్తే కింద లోయంతా పరుచుకుని, ఎదురుగా అమియాతా కొండ, 1,738 మీటర్లు, కనబడుతుంది. వీధుల్లో పెకొరీనో అనే గొర్రెపాల జున్ను వాసన గుప్పుమంటుంది.

బాన్యో విన్యోనిలో ఊరి మధ్య కూడలి ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది. మన గుళ్ల కోనేరు చూసినట్టే అనిపించింది అమ్మకి. అందులో దిగనివ్వరు. ఊరి అంచున పాత నీటిమిల్లుల దగ్గర అదే నీరు చిన్న కాలువగా పారుతుంది, అక్కడ కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. అమియాతా కొండ కింద బాన్యి సాన్ ఫిలిప్పోలో సున్నపు నిక్షేపాలతో తెల్లగా గడ్డకట్టిన జలపాతం ఉంది, అదీ ఉచితమే. రాళ్లు జారుతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి.

విటలేతా చిన్న గుడి, రెండు సైప్రస్ గుంపుల మధ్య ఒంటరిగా ఉండేది, సాన్ కిరికో, పియెంజాల మధ్య ఉంది. పొద్దున ఏడు లోపు వెళ్లండి. లోయలో మంచు ఇంకా విడిపోదు, జనం ఉండరు. ఒక్క మాట. ఫొటో కోసం చేలలోకి దిగి పైరు తొక్కేవాళ్లు ఎక్కువయ్యారు. నేను చూసిన ఒక చేనులో నడుం ఎత్తు గోధుమ మధ్య నలిగిన బాట ఉంది. అది ఒకరి ఏడాది కష్టం. గట్టు మీద నుంచే తీసుకోండి.

సియెనాకి ఒక పూర్తి రోజు. సాంతా కతెరీనా పార్కింగ్‌లో కారు పెడితే ఎస్కలేటర్లు పెద్ద చర్చి దగ్గరిదాకా తీసుకెళతాయి. అమ్మకు అలా ఒక్క మెట్టు కూడా ఎక్కే పని పడలేదు. కాంపో కూడలి చిప్ప ఆకారంలో మధ్యకు వాలుగా ఉంటుంది, అందరూ ఇటుకల మీదే కూర్చుంటారు. అక్కడి పాత మునిసిపల్ భవనంలో అంబ్రోజియో లొరెంజెత్తి 1338, 39లో వేసిన గోడచిత్రాలున్నాయి. మంచి పాలన ఉంటే ఊరూ పల్లే ఎలా ఉంటాయో, చెడ్డ పాలన ఉంటే ఎలా ఉంటాయో ఎదురెదురుగా గీశాడు. మంచి పాలన వైపు పల్లెలో గుట్టలు, చేలు, నూర్పిళ్లు, ద్రాక్షతోటలు ఉన్నాయి. యునెస్కో 2004లో వాల్ దోర్చాను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, మంచి పాలన ఆదర్శానికి అద్దంపట్టేలా జనం తీర్చిదిద్దుకున్న నేల ఇదని గుర్తించింది. ఉదయం కారులో దాటి వచ్చిన గుట్టల్నే మధ్యాహ్నం ఆరు వందల తొంభై ఏళ్ల కిందటి గోడ మీద చూస్తాం. ఈ గది కోసం ఇంకేదైనా వదులుకోవాల్సి వచ్చినా వదులుకోండి.

8. తిండి

శాకాహారులకు టస్కనీలో లోటు లేదు, అడగడం తెలిస్తే చాలు. ఇటాలియన్ మాటలు మన నోటికి బాగా పడతాయి. మన మాటల్లాగే దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి, ఒత్తులు ఒత్తి పలకాలి, అది మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. "సోనో వెజెతరియానో" అనండి, ఆడవాళ్లైతే "వెజెతరియానా". అక్కడితో ఆగకుండా "సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా బ్రోదో ది కార్నె" అని చెప్పండి. మాంసం, చేప, మాంసం ఉడికించిన రసం వద్దని. ఈ మూడోది ముఖ్యం, సూపుల్లో అది కనబడకుండా ఉంటుంది.

కళ్లు మూసుకుని చెప్పగలిగేది పీచి అల్లాల్యోనె. పీచి అంటే చేత్తో పాము చుట్టలా పేనిన లావు పాస్తా, మామూలుగా పిండీ నీళ్లే. అల్యోనె అక్కడ పండే పెద్ద వెల్లుల్లి, ఘాటు తక్కువ. టమాటాతో కలిపి వండుతారు. తల్యతెల్లె, పప్పర్దెల్లె లాంటి పచ్చి పాస్తాల్లో గుడ్డు ఉంటుంది. జున్ను విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు గమనించండి. పర్మిజానోలో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. పెకొరీనోలో కొన్ని రకాలకు మొక్కల నుంచి తీసింది వాడతారు, "కాల్యో వెజెతాలె" అని అడిగి తీసుకోండి.

రొట్టెలో ఉప్పు ఉండదు. మర్చిపోయి కాదు, అక్కడి పద్ధతే అది. దాన్ని "పానె షోక్కొ" అంటారు, అచ్చంగా చప్పిడి రొట్టె అని. మిగిలిపోయిన ఆ రొట్టెను పారేయకుండా చేసేవే ఆ ప్రాంతపు గొప్ప వంటలు. టమాటాలో ఉడికిస్తే పప్పా అల్ పొమొదోరొ. బీన్సు, నల్లటి ఆకుకూరతో మళ్లీ మరిగిస్తే రిబొల్లీత. నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, టమాటా కలిపితే పంజనెల్లా. చద్దన్నం తిన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ వంటల వెనక ఉన్న బుద్ధి ఇట్టే అర్థమవుతుంది.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత తప్ప భోజనం దొరకదు. బిల్లులో "కొపెర్తొ" అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోలు కనబడితే కంగారు పడొద్దు, అది బల్ల ఛార్జీ. కాఫీ నిలబడి తాగితే చవక.

పెద్దవాళ్లకు ఐదో రోజుకి అన్నం మీదికి మనసు పోతుంది. వంటగది అందుకే. సూపర్‌మార్కెట్లో బాస్మతి దొరుకుతుంది, "యోగుర్త్ బియాంకో" అని రాసి ఉన్నది చక్కెర లేకుండా చూసి తీసుకుంటే పెరుగన్నం సిద్ధం. మన దగ్గర నుంచి కందిపొడి, ఆవకాయ, చింతపండు పులిహోర పేస్టు పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, కోడి, మటన్ పచ్చళ్లు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ఐరోపాలోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి.

9. సామాను, చివరి రోజు

రాతి వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాగడం కష్టం, చిన్నది తీసుకెళ్లండి. మన రెండు పిన్నుల ఛార్జర్లు సరిపోతాయి, మూడు పిన్నులవాటికి అడాప్టర్ కావాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు. అత్యవసర నంబరు 112. లోకల్ రైళ్ల కాగితపు టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీద మెషిన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. రైళ్ల సమ్మెలు ముందే ప్రకటిస్తారు. వాటిని "షోపెరొ" అంటారు, వారం ముందు ఒకసారి వెతికి చూడండి.

పియెంజా నుంచి రోమ్ విమానాశ్రయానికి కారులో రెండున్నర గంటలు. కారును అక్కడే ఇచ్చేసేలా మొదటే బుక్ చేసుకుంటే వెనక్కి ఫ్లోరెన్స్ పోనక్కర్లేదు. ఒకే దుకాణంలో 70 యూరోలు దాటి కొన్నవాటికి పన్ను వాపసు వస్తుంది. ఆ కాగితాలు దుకాణంలోనే రాయించుకుని, సామాను చెక్-ఇన్ చేయకముందే కస్టమ్స్ దగ్గర చూపించాలి.

ఆలివ్ నూనె కొంటే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. ఇంటావిడ వాళ్ల చెట్ల కాయలతో ఆడించిన నూనె డబ్బా ఒకటి మాకిచ్చింది. అమ్మ దాన్ని రెండు నేత చీరల మధ్య చుట్టి, పైన తువ్వాలు కట్టి సర్దింది. హైదరాబాద్ వచ్చిన మర్నాడు పొద్దున వేడన్నంలో కందిపొడి వేసి, నెయ్యి గిన్నె పక్కకి జరిపి, ఆ నూనె ఒక చెంచా పోసి పాపకి కలిపి పెట్టింది.